సీరియల్ కిల్లర్ నవలామాలిక: నిర్మాణ సమస్యలు, పరిష్కారాలు

సీరియల్ కిల్లర్ నవలామాలికలో రెండు వరుసలు ఒకేసారి నడుస్తాయి. ఒకటి హత్యల వరుస, రెండోది పుస్తకాల వరుస. హత్యల వరుస ఆ సంపుటంలోనే తెగాలి. హంతకుడు దొరకాలి, లేదా చావాలి, కనీసం అతనెవరో పాఠకుడికి తెలియాలి. పుస్తకాల వరుస మాత్రం తెగకూడదు. దీనివల్ల రచయితకు మామూలు నవలలో రాని ఇబ్బంది ఒకటి వస్తుంది. కథను ఇంతదూరం లాక్కొచ్చిన హంతకుడు చివరి పేజీతో ఖర్చయిపోతాడు. రెండో నవలకు కూర్చునేసరికి రచయిత చేతిలో ఏం మిగులుతుంది?

ఈ ప్రశ్నకు ఇంతవరకు ప్రధానంగా మూడు జవాబులు వచ్చాయి. పరిశోధకుణ్ణి కొనసాగించడం మొదటిది. హంతకుణ్ణే కొనసాగించడం రెండోది. ఇద్దరి మధ్య ఏర్పడిన బంధాన్ని కొనసాగించడం మూడోది. అమెరికన్ రచయిత థామస్ హారిస్ హానిబల్ లెక్టర్ పాత్రతో రాసిన నాలుగు నవలల్లో ఈ మూడూ కనిపిస్తాయి. అందుకే ఈ ప్రక్రియ బలాలనూ బలహీనతలనూ చర్చించడానికి ఆ నాలుగు పుస్తకాలు అనువైన ఉదాహరణ.

మూలాలు

వరుస హత్యల కథకు 1888లో లండన్‌ను వణికించిన జాక్ ద రిప్పర్ కేసు తొలి ముడిసరుకు. మేరీ బెలాక్ లౌండ్స్ 1913లో ప్రచురించిన ‘ద లాడ్జర్’ దాని ఆధారంగానే పుట్టింది. ఇంట్లో అద్దెకు దిగిన మనిషే హంతకుడేమోనన్న అనుమానం ఇంటావిడను తినేస్తుంటుంది. అందులో ఉత్కంఠ పరిశోధన నుంచి రాదు, భయం నుంచి వస్తుంది. 1936లో అగాథా క్రిస్టీ ‘ద ఏబీసీ మర్డర్స్’లో అక్షరక్రమంలో సాగే హత్యలను తన డిటెక్టివ్ పొయ్‌రో ముందు పెట్టింది. ఊరి పేరు, మనిషి పేరు ఒకే అక్షరంతో మొదలయ్యే ఆ క్రమం వెనుక ఉన్నది పిచ్చా, లెక్కా అన్నదే అక్కడ చిక్కుముడి. తర్వాతి నవలలన్నిటిలోనూ ఈ రెండు పాయలు కలిసే ప్రవహించాయి.

1957లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఎడ్ గీన్ అనే హంతకుడు అరెస్టయ్యాడు. అదే రాష్ట్రంలో ఉంటున్న రాబర్ట్ బ్లాక్ రెండేళ్లకు ‘సైకో’ ప్రచురించాడు. హంతకుడి మనసు కథకు కేంద్రం కావడం దీంతో బలపడింది. అంతకు ముందే 1955లో ప్యాట్రీషియా హైస్మిత్ టామ్ రిప్లీని సృష్టించి, హత్య చేసినవాడు తప్పించుకుంటుంటే పాఠకుడు అతని పక్షాన ఊపిరి బిగబట్టి చదివేలా చేసింది.

నవలామాలికను ముందే గీసుకున్న ప్రణాళిక ప్రకారం నడపవచ్చని చూపింది స్వీడన్ జంట మాయ్ షవాల్, పేర్ వాలూ. మార్టిన్ బెక్ పాత్రతో 1965 నుంచి 1975 దాకా పది నవలలు, ఒక్కో నవలకు ముప్పై అధ్యాయాలు. విడివిడిగా చదివితే ఒక్కోటి ఒక్కో కేసు. కలిపి చదివితే పదేళ్ల స్వీడిష్ సమాజం మీద సుదీర్ఘ విమర్శ. వారివి సీరియల్ కిల్లర్ నవలలు కావు. కానీ ఒక్కో పుస్తకం తనంతట తాను నిలుస్తూనే పెద్ద కథలో భాగం కావాలన్న సూత్రం తర్వాతి రచయితలకు వారి నుంచే అందింది.

పరిశోధన సామగ్రి

ఈ నవలలకు ఆధునిక రూపం ఇచ్చింది అమెరికాలోని ఎఫ్‌బీఐ. వర్జీనియాలోని క్వాంటికో అకాడమీలో 1972లో బిహేవియరల్ సైన్స్ యూనిట్ ఏర్పడింది. రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ వంటి ఏజెంట్లు 1970ల చివర జైళ్లకు వెళ్లి 36 మంది నేరస్థులతో మాట్లాడారు. ఆ సమాచారాన్ని శాస్త్రీయంగా క్రమబద్ధం చేయడంలో నర్సింగ్ ప్రొఫెసర్ ఆన్ బర్జెస్ కీలకపాత్ర పోషించారు. నేరస్థలం చూసి నేరస్థుడి స్వభావం చెప్పే ‘ప్రొఫైలర్’ అనే కొత్త వృత్తిజీవి నవలాకారులకు అలా దొరికాడు.

హారిస్ అసోసియేటెడ్ ప్రెస్‌లో పనిచేసిన పాత్రికేయుడు. క్వాంటికోకు వెళ్లి అక్కడి పనితీరు చూశాడు. లెక్టర్ పాత్రకు బీజం మాత్రం అంతకన్నా పాతది. 1960లలో ఒక పత్రిక పని మీద మెక్సికోలోని మాంటెరే జైలుకు వెళ్లినప్పుడు అక్కడ ఒక వైద్యుడు ఎదురయ్యాడు. నేరాల గురించీ, బాధితుల గురించీ ఆయన మర్యాదగా, సూక్ష్మంగా మాట్లాడాడు. ఆ వైద్యుడు జైలు ఉద్యోగి కాదనీ, హత్యానేరానికి శిక్ష అనుభవిస్తున్న ఖైదీ అనీ హారిస్‌కు తర్వాత తెలిసింది. లెక్టర్ కథల్లో రెండో నవలకు పాతికేళ్లు నిండిన సందర్భంలో రాసిన ముందుమాటలో ఈ సంగతి ఆయనే చెప్పాడు, ఆ వైద్యుడికి మారుపేరు పెట్టి.

ప్యాట్రీషియా కార్న్‌వెల్ దారి వేరు. నవలాకారిణి కాకముందు ఆమె వర్జీనియా రాష్ట్ర చీఫ్ మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయంలో కొన్నేళ్లు పనిచేసింది. 1987లో రిచ్‌మండ్ నగరంలో జరిగిన వరుస హత్యలు ఆమె తొలి నవల ‘పోస్ట్‌మార్టం’కు ప్రేరణ. ఆ అసలు కేసులో దోషికి 1994లో మరణశిక్ష అమలైంది. డీఎన్‌ఏ సాక్ష్యంతో దోషిగా తేలి మరణశిక్షకు గురైన తొలి అమెరికన్ అతనే. మైకేల్ కానెలీ లాస్ ఏంజెలిస్ టైమ్స్‌లో క్రైమ్ రిపోర్టర్‌గా పనిచేశాడు. వాల్ మెక్‌డెర్మిడ్ కూడా చాలాకాలం పాత్రికేయురాలే. ఈ రంగంలో పేరు తెచ్చుకున్నవారిలో పలువురు పోలీస్ స్టేషన్‌నో, మార్చురీనో, న్యూస్‌రూమ్‌నో దగ్గరగా చూసినవారు కావడం యాదృచ్ఛికం కాదు. ఫైలు ఎవరి బల్ల మీదికి ముందు వెళుతుంది, శవపరీక్ష దగ్గర ఎవరు నోట్సు రాసుకుంటారు, రెండు జిల్లాల పోలీసులు ఎందుకు మాట్లాడుకోరు వంటి సంగతులే అసాధారణమైన నేరాన్ని నమ్మేలా చేస్తాయి.

హారిస్ నాలుగు నవలలు

‘రెడ్ డ్రాగన్’ 1981లో వచ్చింది. అట్లాంటా, బర్మింగ్‌హామ్ నగరాల్లో రెండు కుటుంబాలు పున్నమి రోజుల్లో హత్యకు గురవుతాయి. మళ్లీ పున్నమి వచ్చేలోగా హంతకుణ్ణి పట్టుకోవాలి. ఉద్యోగం వదిలేసిన విల్ గ్రాహం తిరిగి రంగంలోకి దిగుతాడు. లెక్టర్‌ను పూర్వం పట్టుకున్నది అతనే, అప్పుడు లెక్టర్ చేసిన దాడిలో చావు తప్పి బయటపడిందీ అతనే. ఇక్కడ లెక్టర్ అప్పటికే జైలు ఆసుపత్రిలో ఉన్నాడు. అతను కనిపించే పేజీలు తక్కువ. ఈ నవలలోని హంతకుడు ఫ్రాన్సిస్ డాలర్‌హైడ్ వేరే మనిషి. అతనెవరో పాఠకుడికి చాలా ముందే తెలుస్తుంది. కనుక ఎవరన్నది ప్రశ్న కాదు. కుటుంబాలను ఎలా ఎంచుకుంటున్నాడు, గ్రాహం అది ఎప్పటికి కనిపెడతాడు అన్నవే ప్రశ్నలు. జవాబు మొదటి నుంచీ కళ్ల ముందే ఉంటుంది. బాధితులు ఇంట్లో తీసుకున్న సినిమా రీళ్లు డెవలప్ చేసే ల్యాబ్‌లో డాలర్‌హైడ్ పనిచేస్తాడు. గ్రాహం పదే పదే చూస్తున్న ఆ రీళ్లను హంతకుడూ చూశాడు.

ఈ తొలి నవలలోనే హారిస్ మాలికకు ఉపయోగపడే విత్తనం వేశాడు. కేసు ముగిసినా లెక్టర్ మిగులుతాడు. కేసుతో అతనికి సంబంధం పక్కదారిదే. సలహా ఇస్తాడు, ద్రోహం చేస్తాడు, తాను బోనులో ఉంటూనే గ్రాహం ఇంటి చిరునామా హంతకుడికి అందేలా చూస్తాడు. గ్రాహం మాత్రం ముఖం ఛిద్రమై, సంసారం చెదిరి, ఇంకో కేసు చేపట్టలేని స్థితికి వస్తాడు. రచయిత పరిశోధకుణ్ణి ఖర్చుపెట్టి హంతకుణ్ణి మిగుల్చుకున్నాడు. అందుకే రెండో నవలకు కొత్త పరిశోధకురాలు కావలసి వచ్చింది.

1988 నాటి ‘ద సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్’ మూడో జవాబుకు మంచి నమూనా. క్వాంటికోలో ఇంకా శిక్షణలో ఉన్న క్లారిస్ స్టార్లింగ్‌ను లెక్టర్ దగ్గరికి పంపుతారు. ఆమెకు బఫెలో బిల్ అనే హంతకుడి గురించి సమాచారం కావాలి. లెక్టర్‌కు ఆమె చిన్ననాటి జ్ఞాపకాలు కావాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్ల నాయిక గతం వేరే అధ్యాయంగా కాకుండా కేసులో భాగంగా బయటపడుతుంది. మరోవైపు సెనేటర్ కూతురు గోతిలో బందీగా ఉంది. గడువు కొద్ది రోజులే. బఫెలో బిల్ కోసం హారిస్ నిజజీవితంలోని పలువురు నేరస్థుల పద్ధతులను కలిపాడు. ఎడ్ గీన్ చర్మం ఒలిచిన తీరు, టెడ్ బండీ కట్టు కట్టుకుని సాయం అడిగిన తీరు అందులో గుర్తుపట్టవచ్చు.

ఆధారాన్ని దాచే పద్ధతికి కూడా ఈ నవల పాఠం చెబుతుంది. బఫెలో బిల్ మొదట చంపిన యువతి శవానికి మాత్రమే బరువు కట్టి నీటిలో పడేశాడు. అందుకే ఆమె శవం మూడోదిగా దొరికింది. ఈ సంగతి ఫైలులో ఉంది, పాఠకుడి ముందూ ఉంది. మనిషి రోజూ చూసేదాన్నే మొదట కోరుకుంటాడన్న లెక్టర్ మాటతో అది కలిసినప్పుడే స్టార్లింగ్‌కు దారి దొరుకుతుంది. వరుస హత్యల్లో క్రమం తప్పిన ఒక్క హత్యే హంతకుణ్ణి పట్టిస్తుంది. తర్వాత వచ్చిన ఎన్నో నవలలు ఈ కీలును వాడుకున్నాయి. 1991లో జోనథన్ డెమ్మీ తీసిన సినిమా ఉత్తమ చిత్రం సహా ఐదు ఆస్కార్లు గెలిచింది. లెక్టర్‌గా ఆంథొనీ హాప్‌కిన్స్ తెరమీద కనిపించేది కొద్దిసేపే అయినా, ప్రేక్షకులకు గుర్తుండిపోయింది ఆయనే. పక్క పాత్ర మాలికను స్వాధీనం చేసుకోవడం అక్కడే మొదలైంది.

పదకొండేళ్ల తర్వాత 1999లో వచ్చిన ‘హానిబల్’లో లెక్టర్ ఫ్లోరెన్స్‌లో స్వేచ్ఛగా తిరుగుతుంటాడు. ఇక్కడ పరిష్కరించవలసిన హత్యల చిక్కుముడి లేదు. లెక్టర్ చేతిలో వికలాంగుడై, పగతో రగిలే కోటీశ్వరుడు మేసన్ వర్జర్ ప్రతినాయకుడు. హంతకుణ్ణి నాయకుణ్ణి చేయాలంటే అతని కన్నా నీచుణ్ణి ఎదురు నిలపాలి. హారిస్ అదే చేశాడు. చివర స్టార్లింగ్ లెక్టర్‌తో కలిసి వెళ్లిపోవడం పాఠకులను రెండుగా చీల్చింది. 2001 సినిమా ఆ ముగింపును మార్చేసింది. స్టార్లింగ్ పాత్రను మళ్లీ పోషించడానికి జోడీ ఫాస్టర్ ముందుకు రాలేదు.

2006 నాటి ‘హానిబల్ రైజింగ్’ లెక్టర్ బాల్యానికి వెళ్లింది. పాత్ర హక్కులు నిర్మాత డీనో డి లారెంటిస్ చేతిలో ఉండేవి. రచయిత రాసినా, రాయకపోయినా పూర్వగాథ సినిమాగా తీస్తానని ఆయన అనడం హారిస్‌ను ఈ పుస్తకం వైపు నడిపించింది. 1944లో లిథువేనియాలో చెల్లెలు మిషాను దోపిడీదార్లు చంపి తినడం లెక్టర్ క్రూరత్వానికి కారణంగా చూపారు. చిక్కు ఇక్కడే ఉంది. తనకేమీ జరగలేదనీ, తన చెడును ఏ సంఘటనకూ అంటగట్టవద్దనీ రెండో నవలలో లెక్టరే స్టార్లింగ్‌కు చెప్పాడు. ఆ పాత్రలోని భయమంతా ఆ కారణరాహిత్యంలోనే ఉంది. మూడో నవల కారణాన్ని ప్రస్తావించింది, నాలుగోది దానితోనే కథ నింపింది. అంచున ఉన్నప్పుడు అంతుపట్టని లెక్టర్, నడిమధ్యకు వచ్చేసరికి పగ తీర్చుకునే కథానాయకుడిగా మారిపోయాడు.

పరిశోధకుడు మోసే మాలిక

మెక్‌డెర్మిడ్ 1995లో ‘ద మర్మెయిడ్స్ సింగింగ్’తో టోనీ హిల్, కారల్ జోర్డన్ జంటను ప్రవేశపెట్టింది. ఆ నవలకు బ్రిటన్ క్రైమ్ రైటర్స్ అసోసియేషన్ గోల్డ్ డాగర్ బహుమతి దక్కింది. టోనీ క్లినికల్ సైకాలజిస్టు, కారల్ పోలీసు అధికారి. ఉత్తర ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫీల్డ్ అనే కల్పిత నగరం వారి రంగస్థలం. హంతకుడు మారతాడు కానీ ఇద్దరి మధ్య తేలని అనుబంధం పుస్తకం నుంచి పుస్తకానికి నడుస్తుంది. ప్రతి కేసూ వారిద్దరిలో ఒకరికి ఏదో నష్టం మిగిల్చి పోతుంది, తర్వాతి పుస్తకం ఆ నష్టం నుంచే మొదలవుతుంది. 2019లో వచ్చిన పదకొండో నవల ‘హౌ ద డెడ్ స్పీక్’ మొదలయ్యేసరికి టోనీ జైల్లో ఉన్నాడు, కారల్ పోలీసు ఉద్యోగంలో లేదు. 1997 నాటి ‘ద వైర్ ఇన్ ద బ్లడ్’లోని హంతకుడు జాకో వాన్స్ 2011లో ‘ద రిట్రిబ్యూషన్’లో తిరిగొస్తాడు. మధ్యలో అన్నేళ్లు గడిచినందువల్లే ఆ రాకకు బరువొచ్చింది.

కార్న్‌వెల్ మరో పద్ధతి పాటించింది. టెంపుల్ గాల్ట్ అనే హంతకుణ్ణి 1993, 1994, 1995 సంవత్సరాల్లో వరుసగా వచ్చిన మూడు నవలల్లో నడిపి ముగించింది. మాలికలో చిన్న మాలిక ఇది. కానెలీ 1996లో ‘ద పోయెట్’ను పత్రికా విలేఖరి జాక్ మెకెవాయ్ కథగా రాశాడు. అందులోని హంతకుణ్ణి 2004లో ‘ద నారోస్’లో తన మరో మాలిక నాయకుడు హ్యారీ బాష్ ఎదుట నిలబెట్టాడు. బాష్‌కు పుస్తకంతోపాటు నిజకాలంలోనే వయసు పెరుగుతుంది. ఉద్యోగం, పదవీ విరమణ, తండ్రి బాధ్యత అన్నీ కథకు కొత్త సమస్యలు తెచ్చిపెడతాయి.

నార్వే రచయిత యూ నెస్బో 1997లో హ్యారీ హోలెను సృష్టించాడు. ‘ద స్నోమ్యాన్’ 2007లో వచ్చిన ఏడో నవల. అంతకు ముందు మూడు, నాలుగు, అయిదో నవలల్లో ప్రత్యేక కేసులతోపాటు ఓస్లో పోలీసు శాఖలోనే ఉన్న ఒక శత్రువు కథ సాగి అయిదోదానిలో తేలుతుంది. విచిత్రం ఏమిటంటే ఇంగ్లీషులోకి ముందు వచ్చింది ఆ అయిదోదే. తొలి నవల ఇంగ్లీషు పాఠకులకు అందింది 2012లో. అయినా మాలిక నిలబడింది. ఏ సంపుటం ముందు చేతికొచ్చినా కేసు పూర్తిగా అర్థం కావాలి, వరుసలో చదివినవారికి అదనపు ఫలితం దక్కాలి. మాలిక రచనలో ఇది మొదటి నియమం. గతాన్ని ప్రతి పుస్తకంలోనూ మూడు పేజీలు అప్పజెప్పే రచయిత కన్నా, ఆ గతం వల్ల పాత్ర ఇప్పుడు తీసుకునే నిర్ణయం మారినట్టు చూపే రచయిత ఈ నియమాన్ని బాగా పాటిస్తాడు.

హంతకుడే నాయకుడైతే

హైస్మిత్ 1955 నుంచి 1991 దాకా రిప్లీతో అయిదు నవలలు రాసింది. రిప్లీ ఎప్పుడూ పట్టుబడడు. పట్టుబడతాడేమోనన్న భయమే కథను నడుపుతుంది. ఒక్కో పుస్తకంలో పాత నేరం నీడ మళ్లీ అతని ఇంటి గుమ్మం దాకా వస్తుంది. హైస్మిత్ అతన్ని సమర్థించదు, శిక్షించదు. తీర్పు పాఠకుడికి వదిలేస్తుంది.

జెఫ్ లిండ్సే 2004లో మొదలుపెట్టిన డెక్స్‌టర్ మాలిక హంతకుడికి నియమావళి పెట్టింది. మయామీ పోలీసు శాఖలో రక్తపు మరకల విశ్లేషకుడైన డెక్స్‌టర్, పెంచిన తండ్రి నేర్పిన కట్టుబాటు ప్రకారం హంతకులను మాత్రమే చంపుతాడు. దీనివల్ల ఒకే పాత్ర పరిశోధకుడూ హంతకుడూ అయ్యాడు. ప్రతి నవలకు కొత్త బలి దొరుకుతుంది, పట్టుబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 2007లో మూడో నవల ‘డెక్స్‌టర్ ఇన్ ద డార్క్’ అతనిలోని చీకటి ప్రేరణకు అతీంద్రియ మూలం చూపబోయింది. చాలామంది పాఠకులకు అది రుచించలేదు. తర్వాతి పుస్తకాలు ఆ దారి వదిలేశాయి. మాలిక 2015లో ఎనిమిదో నవల ‘డెక్స్‌టర్ ఈజ్ డెడ్’తో ముగిసింది. లెక్టర్ బాల్యం దగ్గర జరిగిన పొరపాటే ఇక్కడ మరో రూపంలో జరిగింది. హంతకుడి లోపలి ఖాళీని పూర్తిగా పూడ్చితే పాఠకుడు ఊహించడానికి ఏమీ మిగలదు.

ఒక సంపుటం లోపలి నిర్మాణం

మాలిక ఎంత పెద్దదైనా పాఠకుడు చదివేది ఒక్కో పుస్తకాన్నే. పుస్తకం లోపల అయిదు అంశాల మీద రచయిత ముందే నిర్ణయానికి రావాలి.

మొదటిది గడువు. పున్నమి, బందీ ప్రాణం, మొదటి మంచు, ఎన్నికలు, ఏదైనా కావచ్చు. గడువు లేకపోతే పరిశోధన నెమ్మదిగా సాగినా నష్టం ఉండదు, కాబట్టి ఉత్కంఠా ఉండదు.

రెండోది దృష్టికోణం. హంతకుడి వైపు అధ్యాయాలు ఉండాలా, వద్దా? ఉంటే అతని పేరు దాచాలా, చెప్పాలా? పేరు దాచిన అధ్యాయాలను వాలు అక్షరాల్లో ముద్రించడం తొంభైల తర్వాత అరిగిపోయిన అలవాటైంది. అవి ఎక్కువైతే పరిశోధకుడి కన్నా పాఠకుడు చాలా ముందుకు వెళ్లిపోయి, అతని తెలివి మీద నమ్మకం పోగొట్టుకుంటాడు.

మూడోది క్రమం. హత్యల మధ్య పోలిక పాఠకుడికి కనిపించాలి, కానీ దాని అర్థం తప్పుగా తోచాలి. చివర బయటపడే అర్థం ముందున్న వివరాలన్నిటికీ సరిపోవాలి.

నాలుగోది మోతాదు. మొదటి హత్యను వివరంగా చూపితే రెండోదాన్ని క్లుప్తంగా చెప్పినా చాలు. ప్రతి హత్యనూ ముందుదాని కన్నా ఘోరంగా వర్ణించడం మొదలైతే మాలిక నాలుగో పుస్తకానికే దారి మూసుకుపోతుంది.

అయిదోది పరిశోధకుడితో హంతకుడికి వ్యక్తిగత సంబంధం. హంతకుడు పరిశోధకుడి కుటుంబాన్ని లక్ష్యం చేసుకోవడం ఒకసారి భయపెడుతుంది. ప్రతి పుస్తకంలోనూ అదే జరిగితే ఆ కుటుంబం మీద దాడి కథాసూత్రంగా కాక వాడుకగా మారుతుంది. అలాంటి ఆయుధాన్ని మాలిక మొత్తంలో ఎన్నిసార్లు, ఎప్పుడు వాడాలో మొదటే లెక్క వేసుకున్నవారు నయం.

శాస్త్రానికీ కల్పనకూ దూరం

నవలల్లోని సీరియల్ కిల్లర్ సాధారణంగా మేధావి, ఒంటరి, కళాభిమాని. వాస్తవం అలా లేదు. 2005లో శాన్ ఆంటోనియోలో ఎఫ్‌బీఐ జరిపిన సదస్సు ఆధారంగా వెలువడిన నివేదిక ఈ అపోహలను ఒక్కొక్కటిగా ఖండించింది. చాలామందికి ఉద్యోగాలూ కుటుంబాలూ ఉంటాయి, తెలివితేటలు అందరిలాగే రకరకాలుగా ఉంటాయి, అన్ని జాతులవారూ ఉంటారు. అమెరికాలో జరిగే మొత్తం హత్యల్లో వరుస హత్యల వాటా ఒక శాతం కన్నా తక్కువని అదే నివేదిక అంచనా.

ప్రొఫైలింగ్ పరిస్థితీ అంతే. నేరస్థులను క్రమపద్ధతి గలవారు, లేనివారు అని రెండుగా విడదీసిన ఎఫ్‌బీఐ వర్గీకరణను బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ కాంటర్ బృందం 2004లో వంద హత్యల సమాచారంతో పరీక్షించింది. ఆ విభజన నిలవలేదు. 1992లో లండన్ వింబుల్డన్ కామన్‌లో జరిగిన హత్య కేసులో ప్రొఫైల్‌కు సరిపోయాడని ఒక నిర్దోషి మీద పోలీసులు వల పన్నారు. 1994లో కోర్టు ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చింది. అసలు నేరస్థుడెవరో డీఎన్‌ఏ వల్ల తేలి, అతను దోషిగా నిర్ధారణ అయింది 2008లో. ఈ చరిత్ర తెలిసిన రచయిత ప్రొఫైలర్‌ను జ్యోతిష్కుడిలా చూపడు. అతని ఊహ తప్పితే ఏమవుతుందో కూడా కథలో భాగం చేస్తాడు. తప్పు చేయగల పరిశోధకుడు నవలకే మేలు. మాలికకు ఇంకా మేలు, ఎందుకంటే ఆ తప్పు తర్వాతి పుస్తకంలోకి నడిచొస్తుంది.

బాధితుల ప్రశ్న

ఈ ప్రక్రియ మీద గట్టి విమర్శ బాధితుల చిత్రణ గురించే. ఎక్కువ నవలల్లో చనిపోయేది యువతులు. పేరు, ఫొటో, గాయాల వివరాలు తప్ప వారికి కథలో మరేమీ ఉండదు. 2018లో బ్రిటన్‌లో స్త్రీల మీద హింస లేని థ్రిల్లర్‌కే ఇచ్చే స్టాంచ్ ప్రైజ్ మొదలైంది. ఆ హింస సమాజంలో ఉన్నంతకాలం దాన్ని రాయకుండా ఉండలేమని మెక్‌డెర్మిడ్ వంటివారు అభ్యంతరం చెప్పారు. మరుసటి ఏడాది చరిత్రకారిణి హాలీ రూబెన్‌హోల్డ్ ‘ద ఫైవ్’లో రిప్పర్ చేతిలో చనిపోయిన అయిదుగురు స్త్రీల జీవితాలను హంతకుడి ప్రస్తావన దాదాపు లేకుండా రాసింది. ‘ద సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్’ మీద మరో అభ్యంతరం ఉంది. హంతకుడు నిజంగా ట్రాన్స్‌జెండర్ కాదని నవలలో స్పష్టంగా చెప్పినా, ఆ చిత్రణ ఒక వర్గం మీద అనుమానం పెంచుతుందని సినిమా విడుదలైనప్పుడు నిరసనలు వచ్చాయి.

దీనికి పరిష్కారం కూడా హారిస్ నవలలోనే కొంత ఉంది. స్టార్లింగ్ చివరికి దారి కనుక్కొనేది తొలి బాధితురాలి ఊరికి వెళ్లి, ఆమె గదిలో ఆమె బతికిన తీరు పరిశీలించినప్పుడే. బాధితురాలి జీవితమే ఆధారమైనచోట ఆమెకు పేజీలు ఇవ్వడం సానుభూతి కోసం చేసిన అదనపు పని అనిపించదు.

తెలుగులో

తెలుగు పాఠకుడికి పరిశోధకుడి చుట్టూ అల్లిన నవలామాలిక కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో పాకెట్ పుస్తకాల కాలంలో పేరు చూసి కొనే బ్రాండ్లుగా నిలిచారు. అయితే ఆ నాయకులకు వయసు రాదు, ఒక కేసు దెబ్బ తర్వాతి కేసు దాకా సాగదు. తర్వాత వారపత్రికల సీరియల్స్ వారం వారం ఉత్కంఠ నిలపడంలో ఆరితేరాయి. అందువల్ల ఒక్కో అధ్యాయం చివర కొక్కెం వేయడం తెలుగు థ్రిల్లర్‌కు బాగా వచ్చు. పుస్తకం నుంచి పుస్తకానికి పరిశోధకుడిలో మార్పు చూపుతూ పోవడం మాత్రం అంతగా సాధన చేయలేదు. ఇటీవల శైలేష్ కొలను దర్శకత్వంలో 2020, 2022, 2025 సంవత్సరాల్లో వచ్చిన ‘హిట్’ సినిమాలు వేరే దారి చూపాయి. అక్కడ నాయకుడు సినిమాకొకరు, స్థిరంగా ఉండేది హోమిసైడ్ ఇంటర్వెన్షన్ టీమ్ అనే విభాగం. రెండో సినిమాలో కథ విశాఖపట్నానికి మారింది, కేసు వరుస హత్యలది. పరిశోధకుడు, హంతకుడు, వారి బంధం అన్న మూడు జవాబులకు ఇది నాలుగోదాన్ని చేర్చింది.

ముగింపు సమస్య

మాలికను ఎక్కడ ఆపాలన్నది చివరి ప్రశ్న. షవాల్, వాలూ పది నవలలతో ముగించాలని ముందే నిర్ణయించుకున్నారు. లిండ్సే ఎనిమిదికి ఆపాడు. హారిస్ నాలుగోదాని తర్వాత లెక్టర్‌ను వదిలి, 2019లో ‘కారీ మోరా’ అనే వేరే నవల రాశాడు. ప్రచురణ సంస్థకూ, సినిమా హక్కులున్నవారికీ మాలిక సాగడమే లాభం కనుక ఆపే నిర్ణయం చాలాసార్లు రచయిత ఒక్కడి చేతిలో ఉండదు.

ఈ మాలికలన్నిటినీ పోల్చితే ఒక సంగతి తేలుతుంది. హంతకుడి గురించి చెప్పవలసింది ఒకటి రెండు పుస్తకాలకు సరిపోతుంది. ఆ తర్వాత అతని గురించి చెప్పే ప్రతి కొత్త వివరమూ అతనంటే ఉన్న భయాన్ని తగ్గిస్తుంది. పరిశోధకుడి విషయంలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ప్రతి కేసూ అతనికి కొత్త అప్పు మిగుల్చుతుంది, ఆ అప్పు తీర్చడానికే తర్వాతి పుస్తకం పుడుతుంది. టోనీ హిల్, హ్యారీ హోలె, బాష్ ఇన్ని సంపుటాలు నిలిచింది అందువల్లే. లెక్టర్ ఎంతో గొప్ప పాత్ర అయినా అతని మాలిక రెండో పుస్తకంతో శిఖరం చేరింది అందుకే. కొత్తగా మాలిక మొదలుపెట్టే రచయిత మొదటి నవలకు హంతకుణ్ణి ఎంత శ్రద్ధగా తయారుచేసుకుంటాడో, ఆ కేసు పరిశోధకుడిలో ఏం విరిచి పోతుందో కూడా అంతే శ్రద్ధగా నిర్ణయించుకోవాలి.